ఆ నోటితోనే

మే 11

రాయవే అనూరాధా. తారీఖు ముందు వెయ్యి.

ఇది నా గొడవ. నా కోసం నేను చెప్పుకుంటున్నాను. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి నీ చెయ్యి తెచ్చుకున్నాను, అంతే. వేట నిషేధం పెడితే బోట్లు కదలవు. బోట్లు కదలకపోతే ఐస్ ఎవరికీ అక్కర్లేదు, ఐస్ ఫ్యాక్టరీ గుమాస్తాకి పనుండదు. నాకు అమ్ముకోవడానికి చేపల్లేవు. ఇద్దరికీ తీరికే. నువ్వు గోదావరి వాళ్ల పిల్లవి, నేను ‘నాను’ అంటే నువ్వు ‘నేను’ అని రాస్తావు. రాసుకో. మిగతావాళ్లు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టు. అవి నా సాక్ష్యాలు.

ఇవాళ ఎల్లాజీ కబురు పంపాడు. నా పెనిమిటి తమ్ముడు. మా ఇంటిపేరు బోట్లన్నిటికీ పెద్ద వాడే. కబురు తెచ్చింది వాడి పెళ్లాం సీతాలు, నా తోటికోడలు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“అక్కా, ఈ ఏడు బోట్లని నువ్ పిలవొద్దంట. ఈయన సెప్పమన్నాడు, నాను సెప్పినాను. నా మీద పడిపోకు.”

“మరెవులు పిలుత్తారే?”

నేల చూసింది. “నన్ను పిలవమంతన్నాడు.”

ఇది నీకు తెలియదు కదా, చెబుతాను. నిషేధం అయిపోయే రోజు పొద్దు వాలేముందు మా బోట్లన్నీ జెట్టీకి కట్టి ఉంటాయి. మా ఇంటి పెద్దకోడలు గట్టు మీద నిలబడి, గంగమ్మకి దణ్ణం పెట్టి, ఒక్కో బోటునీ పేరు పెట్టి పిలవాలి. తన బోటు పేరు చెవిన పడేదాకా బోటు నడిపే ఏ సరంగూ తాడు విప్పడు. పేరు వినపడలేదంటే ఆ బోటుని గంగమ్మ ఎరగనట్టే. పేరు దాటేసిన బోటు ఆ రోజు కదలదు. మా అత్త పిలిచింది. ఆవిడ తర్వాత నేను. నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ.

ఇప్పుడు నా నోరు మైలపడిందట. జపాన్ వాళ్ల సినిమా బొమ్మలో మాట్లాడానని.

మాట్లాడాను. దాచుకునేది ఏముంది. నిషేధం కొత్తల్లో ఒకరోజు జెట్టీ మీద ఎల్లాజీని తిడుతున్నాను, కొత్త వలని ఎండకి వదిలేశాడని. తెల్లచొక్కా మనిషి ఒకడు ఆగి, తిట్టు పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని విన్నాడు. పేరు త్రినాథరావు. తండ్రి స్టీల్ ప్లాంట్ పనికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నాడట. ఇతను మద్దిలపాలెంలో డబ్బింగ్ గది నడుపుతాడు. వేరే దేశాల బొమ్మలకి తెలుగు గొంతులు పెట్టే పని. “మామ్మగారూ, ఒక ముసలావిడకి మీ గొంతు కావాలండి” అన్నాడు. నన్ను చేపలడిగారు, అప్పు అడిగారు. గొంతు అడిగినవాణ్ణి అదే చూడడం.

ఆ ముసలావిడ జపాన్ పేరు ‘ఉమే’. నేను ఉమ అంటాను. నీలి బొమ్మలు తీసే చిన్న కంపెనీలో పనిచేసేవాళ్ల కథ అది. ఆ ముక్క చెప్పడానికి త్రినాథరావుకి చెమటలు పట్టాయి.

“బట్టలిప్పుతారేటి బాబూ?”

“ఇందులో ఇప్పరండి. ఆ పని చేసేవాళ్లు ఇంటికెళ్లాక ఏం చేస్తారో, అదండి కథ. కామెడీ.”

ఇంటికెళ్లి బియ్యం కడుగుతారు. అద్దె అడిగేవాడు వస్తే దాక్కుంటారు. లైటు పట్టుకునేవాడికి అస్తమానూ జలుబు. ఉమ వయసులో ఉండగా ఆ బొమ్మల్లో వేసింది. ఇప్పుడు అక్కడే వాళ్లందరికీ వండుతుంది. బామ్మ వేషం కావాలంటే గరిటె పక్కన పెట్టి వెళ్లి కూర్చుంటుంది. దానిది సముద్రపు ఊరు, ఆ ఊరి యాసే మాట్లాడుతుందట. అందుకే నన్ను వెతుక్కున్నాడు.

నాకు చెవులకి డొప్పలు పెడతారు. ఉమ మాట వినిపిస్తారు. తెలుగు మాట త్రినాథరావు చెబుతాడు. దాని పెదవి కదిలినప్పుడు నేను అంటాను. బొమ్మ వారానికో భాగం ఫోన్లలోకి వస్తోంది. నా గొంతు హార్బర్‌లో ఎవరికి తెలియదు. రెండో భాగానికే పట్టేశారు.

పిలవకపోతే నాకేం పోయింది. గొంతు మిగులుతుంది. అలాగే రాయి.

మే 12

గొంతు బాగానే ఉంది.

మే 14

ఇవాళ డబ్బింగ్ గదిలో గొడవ చేశాను. నా తప్పు లేదు.

ఈ భాగంలో కంపెనీకి పేపరువాడు ఒకడు వస్తాడు. ఇక్కడ పనిచేసేవాళ్లు ఎవరెవరని అడుగుతాడు. యజమాని ఒక్కొక్కరినీ పేరు పెట్టి చూపిస్తాడు. ఉమ దగ్గరికి వచ్చేసరికి దాటేస్తాడు. అప్పుడు ఉమ గిన్నె కింద పెట్టి ఒక మాట అంటుంది. ఆ మాటకి త్రినాథరావు నాకు చెప్పిన తెలుగు ఇది: “నానేటి సత్తాను బాబూ, ముసిలి మొద్దుని, సదువూ లేదు, బుద్దీ లేదు.” అంటూ ఇకిలించాలట. వెనక నవ్వు మ్యూజిక్ పెడతారట.

నేను బొమ్మ చూశాను. ఉమ మొహంలో నవ్వు లేదు. చుట్టూ ఉన్నవాళ్ల మొహాల్లోనూ లేదు. జలుబువాడు ముక్కు తుడుచుకోవడం కూడా ఆపేశాడు. డొప్పలు తీసేశాను.

“ఏటి బాబూ ఇది? ఆవిడ నవ్వట్లేదు కదా. నన్నెందుకు నవ్వమంతన్నావ్?”

“హైదరాబాద్ నుంచి అలా రాసి పంపారండి. ఈ యాస వస్తే జనం నవ్వుతారని...”

“మిగతావోల్లందరికీ పేపర్లో తెలుగెట్టినారు. మా తెలుగు ఒక్క ముసిల్దానికెట్టినారు. అదీ మొద్దుదని ఎట్టినారు. మా మాటింటే నవ్వొత్తాదేటి మీకు?”

“సినిమాల్లో మామూలేనండి మామ్మగారూ.”

“మామూలు సేసినోడ్ని హార్బరుకొచ్చి నా ముందర నిలబడమను. ఆవిడ నిజంగా ఏటన్నాదో సెప్పు ముందు.”

అతని దగ్గర ఇంగ్లీషులో అర్థం రాసిన కాగితం ఉంది. చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత నా మొహం చూడకుండా మెల్లగా చెప్పాడు: “నేను కూడా ఇక్కడ పనిచేశాను. పనివాళ్లని పిలిచేటప్పుడు నా పేరు దాటిపోకు. ఇదండి.”

అనూరాధా, పేరు దాటడమంటే ఏమిటో జపాన్‌లో కూడా తెలుసన్నమాట.

“అదే అంతాను. అది తప్ప ఇంకోటి అనను” అన్నాను.

హైదరాబాద్‌కి ఫోన్ చేశాడు. అటువైపు వాళ్లు, ఆ యాస చేసే మిమిక్రీ వాడు మా దగ్గరే ఉన్నాడు, ముసలావిడని పంపించెయ్ అన్నారట. నేను చెప్పులేసుకున్నాను.

“తెచ్చుకోండి. నా గొంతులా ఎవుడైనా అంతాడు. నా లాగ కోపం ఎవుడు పడతాడో సూత్తాను.”

మెట్లు దిగుతుంటే వెనక అతను ఫోన్లో అరుస్తున్నాడు. అంత మెత్తటి మనిషికి ఆ గొంతు ఎక్కడిదో.

మే 15

ఫోన్ రాలేదు. నేను చూడలేదు కూడా. ఫోన్ ఒళ్లో పెట్టుకున్నది టైము కోసం.

మే 16

వచ్చింది. నేను గెలిచాను. పెద్ద అక్షరాలతో రాయి.

“నాను కూడా ఈడ పని సేసినాను. పనోల్లని పిలిసినప్పుడు నా పేరు దాటీసి పోకు.” ఒక్కసారికే అయిపోయింది. నవ్వు మ్యూజిక్ తీసేశారు.

మే 20

నా గొడవ ఇంకొకరికి కూడా పనికొచ్చింది. ఆ కంపెనీలో మేకప్ వేసే మనిషి ఉంది. మగపిల్లాడిగా పుట్టి ఆడమనిషిగా బతుకుతున్న మనిషి. మొన్నటిదాకా ఆ మనిషికి ఒక మగాడు ఒయ్యారాలు పోతూ వెకిలిగొంతు పెట్టేవాడు. త్రినాథరావు వాణ్ణి మానిపించి గంగాభవానిని తెచ్చాడు. మద్దిలపాలెం డిపో దగ్గర టిఫిన్ బండి నడిపే హిజ్రా. పాత భాగాలు కూడా తన చేత మళ్లీ చెప్పిస్తున్నాడు.

ఇద్దరం ఒకే ఆటోలో వచ్చాం.

“అమ్మా, సినిమాలో నాలాంటోల్లకి సప్పట్లు కొట్టడమే డైలాగు. ఈడ నాకేటి డైలాగిచ్చినారో తెలుసా? జొరమొచ్చింది, నాను రేపు రాలేనని సెప్పాల. అంతే. జొరమొచ్చిందని సెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు.”

“ఎలా సెప్పినావ్?”

“నిజంగా ఒల్లు కాలిపోయినట్టు సెప్పినాను. ఆ బాబు బయటికొచ్చీసి మాత్ర కావాలేటని అడిగినాడు.”

హార్బర్ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆటోవాడు అద్దంలో చూశాడు. చూసుకోనీ.

మే 25

పేరు దాటొద్దన్న భాగం ఫోన్లలోకి వచ్చింది. వల అల్లే షెడ్డు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేశారు. నేను దాటుకుని వెళ్లబోయాను. వెనక నుంచి ఎవరో, “మా పేరు దాటీసి పోకు” అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. ఎకసెక్కం అనుకున్నాను. కాదు. ఉప్పుచేప కాలుస్తున్నారు, నా కోసం ఒకటి తీసి ఉంచారు.

సీతాలు కూడా అక్కడే ఉంది. చేప ముల్లు తీసి ఇచ్చింది.

ఎల్లాజీ నా తీర్పుకి రోజు పెట్టాడట. పెట్టుకోనీ.

జూన్ 1

షెడ్డులో కూర్చోబెట్టారు. ఎల్లాజీ, ముసలి చలమయ్య, ఇంకా మా పెద్దలంతా వలల గుట్టల మీద. ఆడవాళ్లు బయట. నేను మధ్యలో నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

ఎల్లాజీ మొదలెట్టాడు. “ఒదినా, నువ్వంటే మాకు గౌరవమే. కానీ ఆ నోటితో బూతుబొమ్మలో మాటాడినావు. ఆ నోటితో గంగమ్మ తల్లిని ఎలా పిలుత్తావు సెప్పు?”

“ఏ బూతన్నాను? ఆ ముక్క సెప్పు, ఇని తరిస్తాను.”

“అది నా నోటితో అనిపించకు.”

“ఇన్నావా, ఇనలేదా?”

“ఎవులో సెప్పినారు.”

“అలాగేటి. అయితే నానే సెప్తాను. ఉమ ఇంతవరకూ ఒక్కల్ని కూడా తిట్నేదు.”

“ఎందుకు తిట్నేదు” అన్నాడు వాడు గబుక్కున. “అన్నం సగం ఒగ్గీసి లేసిపోయినాడని ఆ లైటోడ్ని తిట్టింది కదా. మరి ఆడికి జలుబు, రుసి తెల్దు. ఆ తిట్టడం అన్నేయం.”

బయటి నుంచి సీతాలు గొంతు: “నా ఫోన్ సార్జింగు ఎందుకుండట్లేదో ఇప్పుడు తెలిసింది.”

మగవాళ్లు కూడా ఆపుకోలేకపోయారు. చలమయ్య దగ్గొచ్చినట్టు కండువా నోట్లో పెట్టుకున్నాడు. ఎల్లాజీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వు అణిగాక నేను చెప్పాల్సింది చెప్పాను. ఇది జాగ్రత్తగా రాయి.

“నాను గంపెత్తుకుని బస్సెక్కితే ముక్కు మూసుకుని యెనక్కి పొమ్మంతారు. మన గుంటలు స్కూల్లో కూకుంటే పక్కోడు జరిగిపోతాడు. మనం సేసే పనికి మన పేరు తీసీసి ‘కంపు’ అని పేరెట్టినారు. ఆ కంపెనీలోళ్లకీ అలాంటి పేరే ఒకటెట్టినారు. నాను ఆల్ల పని మంచిదన్నేదు, సెడ్డదన్నేదు. ఆ ముసిల్ది కూడా మనిసేనని సెప్పడానికి నోరిచ్చినాను. దానికి నా నోరు మైలపడితే, ఆ బస్సులోల్లు మనల్ని అన్నదాంట్లో తప్పేటి?”

గెలిచాననే అనుకున్నాను.

చలమయ్య కండువా దులుపుకున్నాడు. “బాగా సెప్పినావు నూకాలమ్మా. ఈ ఏటికి సీతాలే పిలుత్తాది. ఒచ్చే ఏడు సూద్దాం.”

జూన్ 2

నాకేం బాధ లేదు.

జూన్ 3

నాకేం బాధ లేదు. నిన్నటిది కొట్టెయ్యకు, ఇది కూడా ఉండనీ.

జూన్ 6

వంట చేస్తుంటే నోటికి వాటంతట అవే వచ్చాయి. గంగాదేవి, బంగారుతల్లి, సాగరరాణి, పైడిమాంబ, నూకాంబిక. ఇది ప్రాక్టీస్ కాదు. చింతపండు పిసుకుతుంటే ఏదో ఒకటి అనుకోవాలి కదా.

వీటన్నిటి తర్వాత ఆఖరిది ఎల్లాజీ బోటు. దాని పేరు ఏమిటని అడిగావు. ఊరుకో.

సరే, ఇంతవరకు వచ్చాక దాచడమెందుకు. వాళ్లన్నయ్య పోయాక కట్టించిన బోటు అది. వాళ్లన్నయ్య పేరే పెట్టాడు. ఆ మనిషిని సముద్రమేమీ మింగలేదు, మంచం మీదే పోయాడు. మాలో పెళ్లాం మొగుడి పేరు చెప్పదు. బతికుండగా నేను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇదుగో, ఇటు చూడు, అదీ, ఇదీ, అంతే. బోటు కట్టాక ఏడాదికొక్కసారి గట్టు మీద నిలబడి గొంతెత్తి పిలుస్తున్నాను. ఎవరూ తప్పనరు. బోటు పేరు కదా.

ఇప్పుడు సీతాలు పిలుస్తుంది. పిలవనీ. దానికి ఆయన బావ.

ఇవాళ్టికి చాలు.

జూన్ 9

ఆఖరి భాగానికి చెప్పడం అయిపోయింది. ఇది ఫోన్లలోకి వచ్చేది బోట్లు వెళ్లిపోయాకే. ఈ మధ్య వచ్చిన భాగంలో ఉమ తన ఊరికి బస్సెక్కింది. ఆ పని చేసిందని ఇన్నేళ్లూ ఊరివాళ్లు రానివ్వలేదు దాన్ని. అక్కడితో ఆపేశారు. హార్బర్‌లో అందరికీ అదే బెంగ. ఊరివాళ్లు రానిస్తారా, రానివ్వరా?

నాకు తెలుసు. నీకు కూడా చెప్పను అనూరాధా. నీకు చెబితే సీతాలుకి చెబుతావు.

ఒక్కటి చెబుతాను. ఆఖర్లో ఉమకి మాట లేదు. ఒక్క ఊపిరి ఉంది. ఊపిరికి కూడా గొంతు కావాలట. తీశాను. త్రినాథరావు ఇంకోసారి అనలేదు. బయట గంగాభవాని నాకు ఇడ్లీ పట్టుకుని నిలబడి ఉంది.

జూన్ 14

అనూరాధా, ఇవాళ నువ్వు అక్కడే ఉన్నావు, చూశావు. అయినా నేను చెప్పిందే రాయి.

వెళ్లకూడదనుకున్నాను. ఇంట్లో దోమలున్నాయని బయటికొచ్చాను. బయటికొచ్చాక కాళ్లు జెట్టీకే పోయాయి. వెనక ఐస్ మోసే బుట్టల దగ్గర నిలబడ్డాను.

బోట్లకి పసుపు పూశారు, దండలు కట్టారు. డీజిల్ వాసన, అగరొత్తుల వాసన కలిసిపోయాయి. ఎల్లాజీ తన బోటు ముందు భాగంలో సరంగు పక్కన నిలబడి ఉన్నాడు, కొత్త లుంగీలో. సీతాలు గట్టెక్కింది. పట్టుచీర కట్టింది. దణ్ణం పెట్టి నోరు తెరిచింది.

ఏమీ వినపడలేదు.

గంగాదేవి సరంగు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “పిన్నీ, ఇనబడ్నేదు.”

సీతాలు మళ్లీ పిలిచింది. పక్కింటి పసిపిల్లని నిద్రలేపలేని గొంతు. సరంగు తాడు మీద చెయ్యి వెయ్యలేదు. బోట్ల మీద మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దు కొండ వైపు జారుతోంది.

“గట్టిగా పిలవే” అని ఎల్లాజీ అరిచాడు.

“పిలుత్తన్నాను కదా. గొంతు రాట్నేదు. ఏటి సెయ్యమంతావ్?”

ఈ మాట మాత్రం హార్బరంతా వినపడింది. సీతాలు గొంతు నాకు తెలియనిదా. రొయ్యల బేరంలో అది అరిస్తే మీ ఐస్ ఫ్యాక్టరీలో లెక్క తప్పుతుంది. ఇవాళ గంగమ్మే దాని గొంతు పట్టుకుని ఉంటుంది. అలాగే రాయి. ఇంకేం రాయకు.

అప్పుడు అది వెనక్కి తిరిగి, బుట్టల మధ్య ఉన్న నన్ను సూటిగా చూసింది. నేను అక్కడ ఉన్నానని దానికెవరు చెప్పారో.

“అక్కా, రా. సీకటడిపోతంది.”

నేను కదల్లేదు. “పెద్దల్ని అడుగు.”

షెడ్డు దగ్గర ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. అందులో ఒకతి, “పేరు దాటీసి పోకండి బావూ” అంది. ఇంకొకతి అందుకుంది. తర్వాత అందరూ. చలమయ్య ఆకాశం చూశాడు, నీళ్లు చూశాడు, చివరికి నన్ను చూశాడు. “నూకాలమ్మా, బేగి రా. పోటు పోతంది.”

గట్టెక్కాను. సీతాలు పక్కకి జరిగింది. జరుగుతూ నా కొంగు సర్దింది.

పిలిచాను. “గంగాదేవీ, ఎల్లిరా.” తాడు విప్పాడు. “బంగారుతల్లీ, ఎల్లిరా.” తాడు విప్పాడు. సాగరరాణి, పైడిమాంబ, నూకాంబిక. ఒక్కో పేరుకీ ఒక్కో ఇంజను లేచింది. గొంతు ఎక్కడా జారలేదు. చింతపండు పులుసు చేసిన మేలు.

ఒక్క బోటు మిగిలింది. నేను ఆగాను. ఇంజన్ల చప్పుడులో కూడా ఆ ఆగడం అందరికీ వినపడింది.

ఎల్లాజీ లుంగీ సర్దుకున్నాడు. “ఒదినా, పిలు.”

“ఎలా పిలవాల? ఈ నోటితోనేనా?”

వాడు తల దించాడు. మళ్లీ ఎత్తాడు. జెట్టీ ఆ చివరి దాకా వినపడేలా అన్నాడు. “ఆ నోటితోనే ఒదినా. అన్నయ్యని ఇంకెవులు పిలుత్తారు?”

అప్పుడు పిలిచాను.

“సింహాద్రీ. ఎల్లిరా.”

పేరు రాశావా? పూర్తిగా రాయి. సింహాద్రి.

తాడు విప్పారు. బోటు గట్టు వదిలింది. కాస్త దూరం వెళ్లాక ఎల్లాజీ వెనక వైపుకి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి అరిచాడు.

“ఒదినా, నాను తిరిగొచ్చీదాకా ఆగలేను. ఉమని ఊర్లోకి రానిచ్చినారా, నేదా?”

హార్బర్ మొత్తం నా వైపు తిరిగింది. బోట్ల మీద మగవాళ్లు, షెడ్డు దగ్గర ఆడవాళ్లు, నా పక్కన సీతాలు. ఉమ బస్సు దిగి జెట్టీకి వెళ్లింది. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని చేపలు శుభ్రం చేస్తున్నారు. ఎవరూ పలకరించలేదు. ఉమ అలాగే నిలబడింది. అప్పుడు ఒక ముసలావిడ తల ఎత్తకుండానే, కత్తిపీటతో సహా పక్కకి జరిగింది. నేను తీసిన ఊపిరి అక్కడిదే.

నీళ్ల మీదుగా బోటుదాకా వెళ్లేలా చెప్పాను.

“జరిగి సోటిచ్చినారురా.”

జూన్ 18

చేపలొచ్చాయి. అనూరాధా, నీకు ఐస్ పని వచ్చింది. నాకు తీరిక లేదు.